ట్యాప్ తిప్పిన చెయ్యి

"తాళం ఇలా ఇవ్వమ్మా," అన్నారు మామగారు మూడోసారి.

చిన్నకోడలు ఇవ్వలేదు. వరండా మెట్టు మీద కుడికాలు చాపుకుని కూర్చుని, పిక్క మీద అరచేతి మేర ఎర్రగా కమిలిన చోటుని చూసుకుంటోంది. తాళంచెవి ఆమె గుప్పిట్లోనే ఉంది.

గోడ పక్కన నిలబెట్టిన బండి అవతారం చూడబుద్ధి కాకుండా ఉంది. ఒకవైపు అద్దం వంగింది. ఫుట్‌రెస్ట్ రబ్బరు ఊడింది. ట్యాంకు నిండా మట్టి. చిన్నకోడలిని పాల ఫ్యాక్టరీ నుంచి దింపడానికి వస్తూ పాల వ్యాను డ్రైవరు దాన్ని వెనకాల పడుకోబెట్టి తెచ్చి, గేటు ముందు దించి, "చుక్క పెట్రోలు లేకుండా బండెలా తీశారండీ?" అని ఓ మాట విసిరి వెళ్ళాడు. వెళ్ళి పావుగంటయినా కాలేదు.

ఆ మాటే మామగారిని కాల్చింది. ముప్ఫై ఏళ్ళు లైన్‌మన్‌గా చేసిన మనిషి. ఏ స్తంభం మీద ఏ తీగ తెగినా ఈ చిన్న బండి మీదే వెళ్ళి కట్టి వచ్చేవారు. పెట్రోలు అయిపోయి దారిలో ఒక్కసారైనా నిలబడలేదని వీధి వీధంతటికీ తెలుసు. తెలియకేం, రోజుకోసారి ఆయనే చెబుతారు కదా!

"నేను చెప్పేది కొంచెం వినండి మామయ్యా. వంతెన మధ్యలో ఇంజిన్ దగ్గింది. రిజర్వ్‌లోకి తిప్పుదామని చెయ్యి పెట్టాను. పెడితే, పెట్రోలు ట్యాప్ అప్పటికే రిజర్వ్‌లో ఉంది."

"ఉంటుంది. నువ్వే ఎప్పుడో తిప్పుకుని, మళ్ళీ కిందికి తిప్పడం మర్చిపోయుంటావు."

"నేను తిప్పలేదు."

"మరి దెయ్యం తిప్పిందా?"

వంటగది గుమ్మంలో నిలబడ్డ పెద్దకోడలు చేతిలోని గుడ్డని ఇటు మడిచి అటు మడిచింది.

దెయ్యం కాదు. తిప్పింది తనే.

ట్యాంకు కింద, ఎడమ మోకాలికి తగిలేటంత దగ్గరలో ఉంటుంది ఆ ట్యాప్. బొటనవేలంత పిడి. కిందికి ఉంటే బండి మామూలుగా నడుస్తుంది. అడ్డంగా ఉంటే పెట్రోలు బంద్. పైకి తిప్పితే ట్యాంకు అడుగున మిగిలిన ఆఖరి లీటరు వస్తుంది, అదే రిజర్వ్. బండి దారిలో దగ్గిందంటే, ఆ లీటరు ఉందిలే అన్న ధైర్యంతో పైకి తిప్పుకుని బంకు దాకా వెళ్తారు ఎవరైనా. ముందే పైకి తిప్పేసి ఉంటే ఆ ధైర్యం వాళ్ళకి తెలియకుండానే ఖర్చయిపోతుంది. ఒక రోజు దగ్గుతుంది, అదే ఆఖరి దగ్గు.

సోమవారం పొద్దున పైకి తిప్పింది. మంగళవారం తిప్పింది. ఇవాళ బుధవారం, ఇవాళా తిప్పింది. ఒక్కరోజైతే చెయ్యి జారిందనుకోవచ్చు. మూడు రోజులు చెయ్యి జారదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, దెయ్యం అన్న మాటకే ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. ఇప్పుడు అందరూ తన వైపు తిరుగుతారనుకుంది. ఎవరూ తిరగలేదు. మామగారి చూపు చిన్నకోడలి మీద ఉంది. చిన్నకోడలి చూపు కాలి మీద ఉంది. బండి తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని మరీ నిలబడ్డ మనిషి వాళ్ళిద్దరికీ గోడకి కొట్టిన మేకు పాటి కూడా కాలేదు.

"నేర్పిన మొదటి రోజు ఏం చెప్పాను?" మామగారి గొంతు పెరిగింది. "బండెక్కే ముందు ట్యాప్, బ్రేకు, చైను, మూడూ చేత్తో తడిమి చూసుకోమన్నానా లేదా?"

"అన్నారు."

"తడిమావా?"

చిన్నకోడలు నోరు తెరిచింది. ఏదో చెప్పబోయి మామగారి మొహంలోకి చూసి, మింగేసింది. "లేదు మామయ్యా. తప్పు నాదే."

"తాళం."

"తాళం ఇచ్చేస్తే రేపు ఎలా వెళ్ళను? ఆరింటికల్లా పాల ఫ్యాక్టరీ గేటు దగ్గరుండాలి. మొదటి బస్సే ఏడింటికి. ఇవాళ రెండు గంటలు ఆలస్యమైతే ట్యాంకర్లన్నీ రోడ్డు మీద నిలబడిపోయాయి. నేను పాలు పరీక్ష చెయ్యందే లోపలికి పంపరు కదా. ఇంకొక్కసారి ఇలా అయితే వేరేవాళ్ళని పెట్టుకుంటానన్నాడు సూపర్‌వైజరు."

"పెట్టుకోనీ. బండి మీద శ్రద్ధ లేనివాళ్ళకి నా బండి లేదు."

చిన్నకోడలు గుప్పిట తెరిచి తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టింది. ఏడవలేదు. ఆమె భర్త, ఈ ఇంటి చిన్నకొడుకు, లారీ వేసుకుని వెళ్ళి ఐదు రోజులైంది. వచ్చేది ఆదివారం. అడ్డుపడి మాట్లాడే మనిషి లేడు.

పెద్దకోడలికి లోపల ఎక్కడో చల్లగా తగిలింది. చెప్పుకోవడానికి బాగోదు గాని, ఉన్నమాట దాచడమెందుకు? ఆ క్షణం ఆమెకి సంతోషమే కలిగింది.

*

ఈ ఇంటికి వచ్చిన మూడో ఏట అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయి. ఆవిడ తన పాత దుప్పటి చింపి ఒక ముక్క పెద్దకోడలి చేతిలో పెట్టింది.

"పొద్దున్నే మామయ్య బండి తుడిచి, ట్యాప్ కిందికి తిప్పి పెట్టు. సాయంత్రం అడ్డంగా కట్టెయ్యి. ఆయనకి గుర్తుండదు. గుర్తులేదంటే ఒప్పుకోరు. ఇన్నేళ్ళూ నేనే చేశాను. ఆయనకి చెప్పకు, చెబితే అహం దెబ్బతింటుంది."

అప్పట్నుంచి ఎనిమిదేళ్ళు. నాలుగేళ్ళ కిందట ఆవిడ పోయింది. గుడ్డ మిగిలింది, పని మిగిలింది. తెల్లవారుజామున లేచి, చువ్వ చువ్వా తుడిచి, ట్యాప్ తిప్పి, వంటగదిలోకి వచ్చేసేది. మామగారు వచ్చి, ఎక్కి, కిక్కు కొట్టి వెళ్ళిపోయేవారు.

తుడిచీ తుడిచీ ఆ బండి ఆమెకి వంటింట్లో గిన్నెలంత తెలుసు. చైను లూజైతే గేటు దాటకముందే చెప్పగలదు. ట్యాంకుని మోచేత్తో కొంచెం ఊపితే, పెట్రోలు ఎంతుందో చప్పుడు పట్టి చెబుతుంది. ఎవరికి చెబుతుంది? అడిగినవాళ్ళెవరు?

ఒక్కసారి తనే అడిగింది. అత్తగారు ఉన్న రోజుల్లోనే. "మామయ్యా, నాక్కూడా నేర్పిస్తారా?"

ఆయన నవ్వారు. "నీకెందుకమ్మా బండి? నువ్వెక్కడికి వెళ్ళాలి?"

చెడ్డ నవ్వు కాదు. అందుకే తనూ నవ్వేసింది. నవ్వి, లోపలికొచ్చి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఇక చిన్నకోడలు. వచ్చి ఏడాది తిరగలేదు. కిందటి నెల పాల ఫ్యాక్టరీలో పని దొరికిందో లేదో, అడక్కుండానే మామగారు చొక్కా తొడుక్కున్నారు. "పద, వీధి వెనక మైదానం ఖాళీగా ఉంటుంది. వారం రోజుల్లో నేర్పేస్తా."

పెద్దకోడలు డాబా మీద బట్టలు ఆరేస్తూ చూసింది. ఆరిన బట్టలు కూడా తీసి మళ్ళీ ఆరేస్తూ చూసింది. చిన్నకోడలు క్లచ్ గభాల్న వదిలేసేది, బండి ఎగిరిపడి ఆగిపోయేది. మొదటి రోజు పదకొండుసార్లు ఆగింది. పదకొండుసార్లూ ఆయన గొంతు తేనెలో ముంచినట్టే వినిపించింది. "పర్వాలేదమ్మా. మళ్ళీ న్యూట్రల్‌లోకి తే. ఇప్పుడు మెల్లగా... అదీ! శభాష్!"

ఒకప్పుడు వాకిలి కడుగుతుంటే బండి ప్లగ్గులోకి నీళ్ళు పోయాయని ఇదే ఆయన తనని వీధి వినేలా కేకలేశారు. ఎనిమిదేళ్ళు అద్దంలా తుడిచినందుకు ఒక్క శభాష్ రాలేదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

అదీ ఓర్చుకునేదేమో. కిందటి ఆదివారం మామగారు బజారుకెళ్ళి రెండో తాళంచెవి చేయించుకొచ్చారు. ముప్ఫై ఏళ్ళలో ఆ బండికి రెండో తాళం లేదు. కన్నకొడుకులు అడిగినా ఇవ్వలేదు. ఎర్ర రిబ్బను కట్టి మరీ చిన్నకోడలి చేతిలో పెట్టి, "ఇది నీది. నీ దగ్గరే ఉంచుకో," అన్నారు.

సోమవారం తెల్లవారుజామున ట్యాంకు ఊపి చూసింది. అడుగున కొంచెమే కదిలింది. గుడ్డ పట్టుకున్న చెయ్యి ట్యాప్ దగ్గరికి వెళ్ళింది. కిందికి తిప్పాల్సిన చెయ్యి పైకి తిప్పింది.

*

మధ్యాహ్నం భర్త భోజనానికి వచ్చాడు. బజారులో కళ్ళజోళ్ళ దుకాణం అతనిది. ఊరందరి చూపూ సరిచేస్తాడు.

"ఏంటి, మన గుర్రం వ్యాను ఎక్కి ఊరేగిందట?" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ.

"మీ నాన్న తాళం లాగేసుకున్నారు."

"మంచి పని. నేను ముందే అనుకున్నా. ఆడవాళ్ళకి బండ్లేమిటి, వాటి గురించి ఏం తెలుసని..."

"మీకేం తెలుసు?"

"నాకెందుకు తెలియాలి? దుకాణానికి నడిచేగా వెళ్తాను."

ఆమె గరిటె పక్కన పెట్టింది. "ఏవండీ, రోజూ పొద్దున ఆ బండి ఎవరు తుడుస్తారో తెలుసా మీకు?"

"ఎవరో ఒకరు తుడుస్తారు. తుడవకపోతే నాన్న ఊరుకుంటాడా?"

"ఎవరో ఒకరు," అంది ఆమె.

"ఆ. ఇంకాస్త వడ్డించు."

వడ్డించింది. తేలు కుట్టిన దొంగ అరవకూడదంటారు. తనకేమో అరవాలనుంది. ఈ ఇంట్లో నేరం జరిగితే కూడా తన మీద అనుమానం రాదు. అనుమానం రావాలంటే ముందు మనిషి ఉందని గుర్తుండాలి కదా!

*

అతను వెళ్ళాక మందు ట్యూబు తీసుకుని చిన్నకోడలి గదిలోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. జాలితో వెళ్ళానని తనకి తాను చెప్పుకుంది.

చిన్నకోడలు మంచం మీద బోర్లా పడుకుని ఉంది. పిక్క మీద చర్మం పొంగి నీరు పట్టింది.

"సైలెన్సరా?"

"ఊఁ. వంతెన మీంచి తోసుకుంటూ దిగుతుంటే బండి అటువైపు ఒరిగిపోయింది అక్కా. పడిపోతే ట్యాంకు సొట్టపోతుందని అటు దూరి ఆపాను. కాలు ఆనుకుపోయింది."

"ట్యాంకు పోతే పోనీ అనుకోవద్దా?"

"మామయ్య బండి కదా."

పెద్దకోడలు మందు వేలితో తీసి రాయడం మొదలుపెట్టింది. మెల్లగానే రాసింది. కిటికీలోంచి మామగారు బండి విప్పుతున్న చప్పుడు వస్తోంది. స్పానర్ జారి గచ్చు మీద ఖణేల్మంది.

"ఒక మాట చెప్తా అక్కా. మామయ్యకి చెప్పకు."

"చెప్పు."

"నిజంగానే నేను ట్యాప్ ముట్టుకోలేదు. ఇవాళే కాదు, నెల రోజుల్లో ఒక్కసారి కూడా తిప్పలేదు."

మందు రాసే వేలు ఆగింది. "ఎందుకని?"

"అవసరం లేదు కనుక. నేను తయారై వచ్చేసరికి బండి తళతళలాడుతూ ఉంటుంది, ట్యాప్ కిందికి తిప్పి ఉంటుంది. మామయ్య పక్కనే పళ్ళు తోముకుంటూ, ఏమీ ఎరగనట్టు అటు తిరిగి నిలబడతారు." చిన్నకోడలు దిండులోకి నవ్వింది. "ఆయనే అక్కా. నాకోసం చీకటితో లేచి తుడిచి పెడుతున్నారు. పైకి గదమాయిస్తారు గాని, లోపల ఎంత ప్రేమో. మా నాన్న కూడా నాకెప్పుడూ అలా చెయ్యలేదు."

పెద్దకోడలు ట్యూబు నొక్కి మళ్ళీ మందు తీసుకుంది.

"మరి పొద్దున ఆ మాట ఎందుకు చెప్పలేదు?" అంది.

"ఎలా చెప్తాను? చెబితే ఆయనే పొరపాటున పైకి తిప్పారని తేలుతుంది. వయసైపోయింది కదా, చేత్తో తడిమితే తేడా తెలిసి ఉండదు. బండి విషయంలో తప్పు చేశానని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేరు. అందుకే నా నెత్తిన వేసుకున్నాను. పోతే పోయింది ఉద్యోగం. ఆ చేతికి మాట రాకూడదు."

"అబ్బా!" అని మరుక్షణం అరిచింది చిన్నకోడలు. పెద్దకోడలి వేలు పొంగిన చోట గట్టిగా నొక్కుకుంది.

"చెయ్యి జారింది," అంది పెద్దకోడలు లేస్తూ.

ఏ చేతికి మాట రాకూడదట? ఎనిమిదేళ్ళు చలిలో, వానలో తెల్లవారకముందే లేచిన చెయ్యి. అరచేతిలో గ్రీజు మరక పోక, సబ్బుతో రుద్ది రుద్ది పగిలిన చెయ్యి. ఆ చెయ్యి చేసిన పనంతా ఇప్పుడు మామగారి ప్రేమైపోయింది. ఆ ప్రేమ కూడా ఎవరి మీద? దాని మీద!

తాళం పోతే పోయింది, నాలుగు రోజుల్లో మళ్ళీ ఇస్తారు. ఈ నమ్మకం మాత్రం దాని దగ్గర్నుంచి ఎవరు లాక్కుంటారు? అది ముసలిదయ్యే దాకా చెప్పుకుంటుంది, మా మామయ్య నాకోసం బండి తుడిచేవారని.

పొద్దుటి చల్లదనం ఎటుపోయిందో పోయింది.

*

సాయంత్రానికి మామగారు కార్బొరేటర్ విప్పి, కడిగి, మళ్ళీ బిగించారు. ట్యాంకు అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న నలక ఆఖరి చుక్కతో పాటు దిగి దారి మూసేసింది. ఆ నలకంతా ఒక పాత పళ్ళెంలో పోసి పెట్టారు, చిన్నకోడలికి కనబడేలా.

తర్వాత పెట్రోలు పోసి, చోక్ లాగి, కిక్కు కొట్టారు. ఇంజిన్ పలకలేదు.

కొట్టారు. కొట్టారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఎదిరింటి వాళ్ళు కిటికీ తెరిచారు. టీకి వచ్చిన పెద్దకొడుకు గేటు దగ్గర నిలబడి, "మెకానిక్కుని పిలవనా నాన్నా?" అన్నాడు. ఆ మాటతో ఆయన ఇంకా గట్టిగా కొట్టారు. చిన్నకోడలు కుంటుకుంటూ వచ్చి వరండా స్తంభం పట్టుకుంది.

వంటగదిలోకి పెట్రోలు వాసన వచ్చింది. పెద్దకోడలు పొయ్యి కట్టేసి, గుడ్డ తీసుకుని బయటికి వచ్చింది.

"చోక్ తీసెయ్యండి మామయ్యా. ఇంజిన్‌లో పెట్రోలు ఎక్కువైపోయింది."

"నువ్వెళ్ళి టీ పెట్టమ్మా," అన్నారాయన తలెత్తకుండానే.

ఆమె వెళ్ళలేదు.

"ట్యాప్ తిప్పింది నేను."

"ఏ ట్యాప్?" అన్నాడు భర్త.

"బండిది. సోమవారం రిజర్వ్‌లోకి తిప్పాను. మంగళవారం కూడా. ఇవాళ కూడా. చెల్లి తిప్పలేదు. మీరూ తిప్పలేదు. నేను తిప్పాను."

మామగారు కిక్కు మీంచి కాలు తీసి, ఒగరుస్తూ ఆమె వైపు చూశారు. ఆ రోజంతటికీ అదే మొదటిసారి. చూసి, నవ్వారు. ఏళ్ళ కిందటి ఆ నవ్వే.

"తోడికోడలిని కాపాడ్డానికి నెత్తిన వేసుకుంటున్నావా? మంచి బుద్ధే. కానీ అబద్ధమాడితే అతికినట్టుండాలమ్మా. అసలు నీకు ట్యాప్ ఎక్కడుంటుందో తెలుసా?"

పెద్దకోడలు మెట్లు దిగింది.

"జరగండి మామయ్యా."

ఆ బండి దగ్గర ఆయనతో ఆ మాట అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. జరగాలో వద్దో తేల్చుకునేలోపే ఆయన కాళ్ళు రెండడుగులు వెనక్కి వేశాయి.

బండి రెండుకాళ్ళ స్టాండు మీద ఉంది. ఆమె గుడ్డని భుజాన వేసుకుని, తాళం తిప్పి ఆపేసింది. చోక్ నొక్కేసింది. కుడివైపు నిలబడి, చూడకుండానే, ఎడమచెయ్యి ట్యాంకు మీదుగా అటువైపు దించి ట్యాప్ అడ్డంగా కట్టేసింది. ఎక్కువైన పెట్రోలు బయటికి పోయేలా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని వరసగా ఆరు కిక్కులు కొట్టింది. వానాకాలం పొద్దుల్లో ఆయన ఇలాగే కొట్టేవారు. వంటింటి గోడ ఇవతల నుంచి ఎన్ని వందలసార్లు విందో. ఆరో కిక్కుకి సైలెన్సర్ తడిగా తుమ్మింది.

యాక్సిలరేటర్ వదిలేసింది. ట్యాప్ కిందికి. తాళం ఇటు. కిక్కుని సగం దాకా మెల్లగా నొక్కి, కాలికి గట్టిగా తగిలిన చోట ఆపి, అక్కణ్ణుంచి ఒక్కటే కొట్టింది.

బండి అందుకుంది.

ఎదిరింట్లో ఎవరో చప్పట్లు కొట్టి, ఇటు ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశారు. ఇంజిన్ మెత్తగా, సమంగా ఆడుతోంది. ఆ చప్పుడు ఆమె పనితనానికీ సాక్ష్యమే, నేరానికీ సాక్ష్యమే. అది మామగారికి అర్థమవడం ఆమె కళ్ళారా చూసింది. నవ్వు ముందు పెదాల మీంచి పోయింది, తర్వాత కళ్ళలోంచి పోయింది.

"ఎప్పట్నుంచి?" అన్నారు.

"ఎనిమిదేళ్ళు. అత్తయ్య చెప్పింది. పొద్దున తుడిచి కిందికి తిప్పడం, సాయంత్రం కట్టెయ్యడం."

"మీ అత్తయ్యే చేసేది..."

"అత్తయ్య పోయి నాలుగేళ్ళయింది మామయ్యా. ఈ నాలుగేళ్ళలో మీరు ఒక్కరోజైనా ట్యాప్ తిప్పి బండెక్కారా? గుర్తు తెచ్చుకోండి. ఒక్క రోజు."

ఆయన కుడిచెయ్యి గాల్లోకి లేచింది. ఎడమచెయ్యి లేచింది. ఏ చేత్తో తిప్పుతారో వెతుక్కుంటున్నట్టు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కదిలి కిందికి దిగిపోయాయి.

"మరి పైకి ఎందుకు తిప్పావే?" అన్నాడు భర్త. "నీకేం పోయేకాలం?"

"నాకూ నేర్పమన్నాను. నవ్వారు. దానికి నేర్పారు, శభాష్ అన్నారు." ఇంకా ఏదో ఉందనుకుని అందరూ చూశారు. ఆమెకి అంతకంటే లేదు. లోకానికి చెబితే ఇంతేనా అనిపించేది, ఎనిమిదేళ్ళు కడుపులో ఉంటే కొండంతవుతుంది. "కుళ్ళుకున్నాను. చాలా?"

మామగారు ముందుకు వంగి తాళం తిప్పి బండి ఆపారు. జేబులోంచి ఎర్ర రిబ్బను తాళం కూడా తీశారు. రెండు తాళాలూ ఒకే అరచేతిలో పెట్టుకుని, ఎవరికి ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో తెలియనట్టు నిలబడ్డారు.

చిన్నకోడలు స్తంభం వదిలి కుంటుకుంటూ మెట్లు దిగింది. మొహం పాలిపోయింది. పెద్దకోడలు ఆ మొహంలో కోపం కోసం వెతికింది. కోపమైతే తట్టుకోగలదు.

"మామయ్య కాదా అక్కా, తుడిచింది?" అంది చిన్నకోడలు.

"కాదు."

"ఒక్క రోజు కూడా?"

"ఒక్క రోజు కూడా కాదు. నేను."

"మూడు రోజులు తుడిచావు. తుడిచి, పైకి తిప్పావు. తిప్పి, లోపలికెళ్ళి నాకు అన్నం డబ్బా కట్టావు."

చిన్నకోడలు చెయ్యి చాచింది. మామగారు తాళాలున్న అరచేతిని ఆమె వైపు జరిపారు. ఆమె అటు చూడనైనా చూడలేదు. చాచిన చెయ్యి తోడికోడలి ముందు ఆగింది.

"గుడ్డ ఇవ్వు అక్కా. రేపట్నుంచి బండి నేనే తుడుచుకుంటాను. ట్యాప్ నేనే తిప్పుకుంటాను."

పెద్దకోడలి చెయ్యి భుజం మీదికి వెళ్ళి, అత్తగారి పాత దుప్పటి ముక్కని గుప్పిట బిగించి పట్టుకుంది.

"ఇవ్వు," అంది చిన్నకోడలు మళ్ళీ, ఒక కొస పట్టుకుని.

రెండో కొస పెద్దకోడలు వదల్లేదు.